శ్రీనిధికి రోమన్ పౌరసత్వం

2000 ఆగస్టులో, షికాగోకు పడమట, నేపర్‌విల్ పక్కనే ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో లాటిన్ ఉపాధ్యాయుడిగా చేరాను. 2021 జూన్‌లో రిటైరయ్యాను. ఆ మధ్యకాలంలో అమెరికా ప్రభుత్వం చేయలేని పని ఒకటి నేను చేశాను. ఒక తెలుగు పిల్లకు పౌరసత్వం ఇప్పించాను. రోమన్ పౌరసత్వం. కంచు పలక మీద, ఏడుగురు సాక్షుల ముద్రలతో, మూడు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొడుతుండగా ఇప్పించాను. రాష్ట్రంలోని ఉత్తమ లాటిన్ ఉపాధ్యాయుల్లో ఒకడిగా నాకు పేరుండేది కాబట్టి అది సాధ్యమైంది.

ఇందులో ఏది ఎంతవరకు నిజమో ముందుకు పోయేకొద్దీ చెబుతాను. ఉత్తమ ఉపాధ్యాయుడి సంగతి మటుకు ఇప్పుడే సవరించుకుంటాను. మా కౌంటీ ప్రభుత్వ బడుల్లో అప్పటికి లాటిన్ చెప్పేవాళ్ళం ఇద్దరమే మిగిలాం. రెండో ఆవిడకు తరచూ ఒంట్లో బాగుండేది కాదు.

గుంటూరు జిల్లావాడికి లాటిన్ ఎలా అబ్బిందని అందరూ అడుగుతారు. మా ఇంట్లో నన్ను ఫాదరును చేద్దామనుకున్నారు. సెమినరీలో చేర్పించారు. అక్కడ లాటిన్ బాగా వచ్చింది, దైవచింతన అంతగా రాలేదు. ఫాదరుగా గురుపట్టం ఇంకా దూరంగా ఉండగానే బయటికి వచ్చి రోజమ్మను పెళ్ళి చేసుకున్నాను. ఆమె నర్సు. అమెరికా ఆసుపత్రి ఒకటి ఆమెను పిలిచి నేరుగా గ్రీన్ కార్డు ఇచ్చింది. నర్సు గారి భర్తగా నాకూ ఇచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో బడిపంతులు కావాలంటే లైసెన్సు పరీక్ష రాయాలి. లాటిన్‌కు ఆ పరీక్ష రాసేవాళ్ళు అరుదు కాబట్టి ఉద్యోగం తొందరగానే దొరికింది. మొదటి జీతం తెచ్చిన రోజు రోజమ్మ, "మీ లాటిన్‌కి డబ్బులిచ్చే దేశం కూడా ఒకటుందన్నమాట" అంది.

అమెరికా బడుల్లో భాషా ఉపాధ్యాయుడి బతుకు 'సెక్షన్' అనే మాట మీద నడుస్తుంది. ప్రతి జనవరిలో కౌన్సిలర్లు పిల్లల్ని పిలిచి వచ్చే ఏడాది ఏ పాఠాలు తీసుకుంటారో రాయించుకుంటారు. సరిపడా పేర్లు పడితే ఒక సెక్షన్. పడకపోతే ఆ తరగతి ఎత్తేస్తారు, దానితోపాటు పంతులు జీతంలో ఒక ముక్క. స్పానిష్ మాస్టారికి ఈ బెంగ ఉండదు. నేను మాత్రం ఏటా సెప్టెంబరు నుంచే ఓట్ల వేట మొదలుపెట్టేవాడిని. గుడిలో, బతుకమ్మ ఆటల దగ్గర, పుట్టినరోజు పార్టీల్లో తెలుగు తల్లిదండ్రుల్ని పట్టుకుని, డాక్టరీ చదువుకు లాటిన్ పునాది అని చెప్పేవాడిని. అది సగం నిజం. మిగతా సగం నా సెక్షన్. ఆ విధంగా నా తరగతిలో మూడోవంతు మనవాళ్ళే ఉండేవారు. బడిలో నన్ను మజిస్టర్ అనేవారు, అంటే లాటిన్‌లో మాస్టారు. గుడిలో కనబడితే జోజి అంకుల్.

ఏటా మొదటి రోజు బోర్డు మీద 'రోమన్' అని రాసి, ఈ మాట ఎక్కడెక్కడ విన్నారో చెప్పమనేవాడిని. గడియారం మీద అంకెలు అనేవారు. వ్యాసాలు ఏ అక్షరాల్లో టైపు చేయమని ఇంగ్లీషు టీచరు పట్టుబడుతుందో ఆ టైమ్స్ న్యూ రోమన్ అక్షరాలు. జులై నాలుగున కాల్చే రోమన్ క్యాండిల్ గొట్టాల బాణసంచా. ఒక రకం ముక్కు. కౌంటీ కోర్టు ముందున్న స్తంభాలు. మన పిల్లాడొకడు, వాళ్ళ అమ్మమ్మ వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాస్తుందనీ, దాన్ని కూడా అలాగే అంటారనీ చెప్పాడు. అన్నీ రాశాక చివర నాది చేర్చేవాడిని. మా ఊళ్ళో రోమన్ అంటే ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ మిషన్, చర్చికి పోయేవాడు, అనగా లూథరన్ కానివాడు. మా నాన్నకు రోమ్ ఏ దిక్కున ఉందో తెలియదు. అయినా ఆయన రోమనే.

ఇన్ని అర్థాలు ఎలా పుట్టాయో చెప్పడానికి నాకు ఏడాదంతా పట్టేది. మొదట్లో రోమన్ అంటే ఆ ఊరివాడు. తర్వాత ఇటలీలో ఉన్నవాడు. చివరికి సిరియాలో పుట్టి బ్రిటన్‌లో కాపురం పెట్టి రోమ్ మొహం చూడకుండా పోయినవాడు కూడా. అది ఊరి పేరుగా ఉండడం మానేసి హోదా అయింది. ఇతరుల చేతిలో ఉంటుంది, అడిగితే ఇస్తారు, కొందరికి ఇవ్వరు. ఈ పాఠం నేను బ్రహ్మాండంగా చెప్పేవాడిని. ఎవరైనా రోమన్ కావచ్చు అన్న వాక్యం దగ్గర గొంతు కొంచెం పెంచేవాడిని.

2017లో సీనియర్ల తరగతిలో, అంటే పన్నెండో తరగతిలో, శ్రీనిధి ఉండేది. వరంగల్‌లో పుట్టి, నాలుగేళ్ళప్పుడు తల్లిదండ్రులతో వచ్చింది. తండ్రి నాగేశ్వర్ ఒక బీమా కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పనిచేసేవాడు. ఆ పిల్ల వంటి విద్యార్థి నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. ఇది పెంచి చెప్పడం కాదు. నేను బోర్డు మీద తప్పు రాస్తే వెంటనే అనేది కాదు. తరగతి అయ్యాక వచ్చి, "మజిస్టర్, మీరు టెస్ట్ చేయడానికే కదా అలా రాశారు?" అని అడిగేది.

ఆ అక్టోబరులో సహాయక దళాల పాఠం వచ్చింది. రోమన్ సైన్యంలో పరాయి ప్రాంతాలవాళ్ళతో వేరే పటాలాలు ఉండేవి. వాళ్ళు పౌరులు కారు. పాతికేళ్ళు కొలువు చేస్తే చక్రవర్తి పౌరసత్వం ఇచ్చేవాడు. ఆ ఉత్తర్వును రోమ్‌లో కంచు మీద చెక్కి గోడకు తగిలించేవారు. సైనికుడికి రెండు చిన్న కంచు పలకల మీద నకలు ఇచ్చేవారు, ఏడుగురు సాక్షుల ముద్రలతో. తొలినాళ్ళ పలకల్లో ఒక వాక్యం ఉంటుంది: 'వారికి, వారి పిల్లలకు, ఆ తరువాతి తరాలకు.'

శ్రీనిధి చెయ్యెత్తింది. ఆ పాతికేళ్ళూ వాళ్ళ పిల్లల సంగతి ఏమిటని అడిగింది. చివర్లో తండ్రితోపాటే వాళ్ళకూ పౌరసత్వం వచ్చేదని చెప్పాను. అయితే తర్వాతి కాలపు పలకల్లో ఆ పిల్లల మాట కనబడదనీ, తీసేశారనీ కూడా చెప్పాను. ఎందుకని అడిగింది. కారణం ఎవరూ రాసిపెట్టలేదు, పండితులు తలా ఒకటి ఊహించారు అన్నాను. "ఓకే" అని కూర్చుంది. ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో నాకప్పుడు తట్టలేదు. తర్వాత తెలిసింది. తన ఇంటి పరిస్థితి ఆ పిల్లకు అప్పటికే తెలుసు.

ఏడాది విడిచి ఏడాది వసంతకాలపు సెలవుల్లో నేను లాటిన్ పిల్లల్ని రోమ్ తీసుకువెళ్ళేవాడిని. దానికొక పద్ధతుంది. స్కూల్ బోర్డు అనుమతి, ట్రావెల్ కంపెనీ, పదిమంది పిల్లలకొక పెద్ద తోడు, తల్లిదండ్రుల సంతకాలు, అలర్జీల వివరాలు, పాస్‌పోర్టు. నవంబరులో పేర్లు అడిగినప్పుడు శ్రీనిధి తల ఎత్తలేదు. ఖర్చు గురించి జంకుతోందనుకున్నాను. అందరి ముందూ, నువ్వు లేకుండా రోమ్ ఏమిటి, మీ నాన్నతో నేను మాట్లాడతాను, నిన్ను తీసుకువెళ్ళే పూచీ నాది అన్నాను. తరగతి చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల నవ్వింది. వెళ్ళాలన్న ఆశ ఆ నవ్వులో దాగలేదు.

ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నాగేశ్వర్ చాలా మర్యాదస్తుడు. భార్య సుజాత మురుకులు పెట్టి చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. శ్రీనిధి మెట్ల మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను రోమ్ గొప్పతనం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన పూర్తిగా విని, ఒక్కటే అడిగాడు.

"మాస్టారూ, మీరు ఎన్నిసార్లు స్టాంపింగ్‌కు పోయిన్రు?"

ఒక్కసారి కూడా లేదన్నాను.

"అదే మరి. అందుకే ఇంత ధైర్యంగ మాట్లాడుతున్నరు."

నిజం చెప్పాలంటే ఆ మాటకు అర్థమే నాకు సరిగ్గా తెలియదు. నర్సు గారి భర్తగా దిగినవాడిని. మనవాళ్ళందరూ నాలాగే వచ్చారనీ, కాకపోతే కొంచెం ఆలస్యంగా కుదురుకుంటారనీ అనుకునేవాడిని. అన్నేళ్ళు ఒకే గుడి ప్రసాదాలు తిని, ఒకే పార్టీల్లో బిర్యానీ తిని, వాళ్ళు దేని మీద నిలబడి ఉన్నారో అడగలేదు.

ఆయన ఓపికగా చెప్పాడు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు ఎప్పుడో తీరిపోయింది. ఈ దేశంలో ఉన్నంతకాలం దానితో పనిలేదు, కంపెనీ పొడిగించిన కాగితం చాలు. సరిహద్దు దాటితే మాత్రం, తిరిగి రావడానికి ఇండియాలో కాన్సులేట్‌కు వెళ్ళి కొత్త ముద్ర వేయించుకోవాలి. అపాయింట్‌మెంట్ దొరకాలి. దొరికినా, ఇంకా పరిశీలించాలి అని ఒక రంగు చీటీ చేతిలో పెడితే నెలలు పడుతుంది. ఆయన స్నేహితుడొకడు తల్లి కర్మకు వెళ్ళి అక్కడే చిక్కుకుని ఇక్కడ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

"పోవుడు అల్కనే సార్. వచ్చుడే కష్టం. చదువు నడుమ ఇరుక్కుంటే ఈ పిల్ల గతి ఏంది?"

గ్రీన్ కార్డు వస్తే ఈ బాధ తీరుతుంది కదా, ఎప్పుడొస్తుంది అన్నాను. ఆయన నవ్వాడు. అదేమీ సంతోషపు నవ్వు కాదు.

"లైన్ల ఉన్నం. మా వంతు వచ్చేటాల్లకు ఈమెకు ఇరవై ఒకటి దాటుతది. దాటినంక నా కింద లెక్కకు రాదు. అప్పుడు తన వీసా తను సూస్కోవాలె. దొరక్కపోతే పోవుడే. ఎక్కడికి పోతది చెప్పున్రి? వరంగల్‌ల ఈమెకు ఎవరు ఎరుక?"

వంటింట్లోంచి సుజాత, "ఇగ చాలు, సార్‌ను చాయ్ తాగనియ్యి" అంది. అతిథి మర్యాద అనుకున్నాను.

శ్రీనిధి మెట్లు దిగి వచ్చింది. నా ముందున్న ప్లేటు తీసుకుంది. అందులో ఇంకా మురుకులున్నాయి. "అంకుల్, ఇంకా కావాలా?" అని అడిగింది. ముఖంలో ఏ మార్పూ లేదు. కాళ్ళ కింద నేల కదులుతున్నా ముఖం కదలనివ్వని ఆ గుణానికి రోమన్లు గ్రావిటాస్ అని పేరు పెట్టారు. పాఠం చెప్పడం వేరు, అది మనిషిలో కనబడడం వేరు. నా శిష్యురాలని ఆ క్షణంలో గర్వపడ్డాను.

ఆ తర్వాత మూడు నెలలు ఆ పిల్ల కోసం ప్రభుత్వంతో పోరాడానని నేను చాలామందితో చెప్పాను. జరిగింది ఇది. ఇమిగ్రేషన్ వాళ్ళ సమాచార కేంద్రానికి ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, నొక్కాను. నాలుగు నొక్కమంది, నొక్కాను. సంగీతం వినిపించింది. చివరికి మళ్ళీ ఒకటి నొక్కమంది. ఇంకో విద్యార్థి తల్లి ఇమిగ్రేషన్ లాయరు. ఆవిడను పార్కింగ్ లాట్‌లో ఆపి అడిగాను. కారు తలుపు మూయకుండానే, వెళ్ళొద్దని చెప్పండి అంది. ఇంకేమైనా దారి ఉందా అన్నాను. వెళ్ళకపోవడమే దారి అంది. అంతే నా పోరాటం.

జనవరిలో ట్రావెల్ కంపెనీకి ఇచ్చిన పేర్లలోంచి శ్రీనిధి పేరు తీయించాను. అమెరికా పిల్లలకు ఎందుకో అర్థం కాలేదు. మన పిల్లల్లో కొందరికి అర్థమైంది, వాళ్ళు నా వైపు చూడలేదు.

ఇక కంచు పలక సంగతి. మా లాటిన్ క్లబ్‌లో ఏటా మార్చిలో రోమన్ విందు జరిగేది. పిల్లలు రోమన్ల బట్టల్లా దుప్పట్లు చుట్టుకుని వచ్చేవారు. పిజ్జా, ద్రాక్షరసం. చివర సీనియర్లకు సైనికుల పలకల్లాంటివి ఇవ్వడం నేను పెట్టిన ఆనవాయితీ. అది కంచు కాదు. క్రాఫ్ట్ షాపులో చుట్టగా అమ్మే పల్చటి రాగిరేకు. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో వెనకనుంచి నొక్కి అక్షరాలు తేల్చేవాడిని. ఏడు ముద్రలంటే బంగారు రంగు స్టిక్కర్లు. మూడు వందల మంది అన్నాను కదా, కెఫెటేరియాలో సగం బల్లలు ఖాళీ. లేచి నిలబడినవాడు బడి ఊడ్చి సర్దే కస్టోడియన్ ఒక్కడే. బల్లలు మడిచి ఇంటికి పోదామని అతను ముందునుంచీ నిలబడే ఉన్నాడు.

మిగతావాళ్ళ రేకుల మీద పేరు, ఒక ఆశీస్సు ఉండేవి. శ్రీనిధికి మాత్రం తొలినాళ్ళ పలకలోని మాటలు యథాతథంగా చెక్కాను. పేరు పిలిచి లాటిన్‌లో చదివాను, ఇంగ్లీషులో చదివాను. నాగేశ్వర్ ఆఫీసు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, మెడలో బ్యాడ్జి వేలాడుతోంది. ఆయన్ని చూసి తెలుగులో కూడా చెప్పాను: పాతికేళ్ళు కొలువు చేసినందుకు వారికి, వారి పిల్లలకు, ఆ తరువాతి తరాలకు పౌరసత్వం ఇవ్వడమైనది.

"పిల్లలకు గూడనా, మాస్టారూ?" అన్నాడు ఆయన, కూర్చున్న చోటునుంచే.

పిల్లలకు కూడా అన్నాను. మాట బాగా పేలిందనే అనుకున్నాను.

రేకు చేతిలో పట్టుకుని శ్రీనిధి తండ్రివైపు తిరిగింది. "అది పాత వాటిలో, డాడీ. తర్వాత తీసేసారు."

నాగేశ్వర్, "మరి మనది ఏ కాలపుది?" అని అడిగాడు. నన్నా, కూతుర్నా అన్నది తెలియలేదు. ఆయన బ్యాడ్జి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను తర్వాతి పేరు పిలిచాను.

సెలవుల్లో మిగతా పిల్లల్ని తీసుకుని రోమ్ వెళ్ళాను. సైనికుల ఉత్తర్వుల అసలు ప్రతులు తగిలించిన గోడలు ఎక్కడుండేవో చూపించమని గైడ్‌ను అడిగాను. గోడా లేదు, పలకలూ లేవు. కంచు కాబట్టి తర్వాతి కాలంవాళ్ళు కరిగించి వేరే పనులకు వాడుకున్నారట. దొరుకుతున్నవన్నీ సైనికులు ఇంటికి పట్టుకుపోయిన నకళ్ళేనని చెప్పి, ఆయన మమ్మల్ని ఐస్‌క్రీం దుకాణానికి తీసుకుపోయాడు. పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. నేను అన్ని ఫోటోల్లోనూ నవ్వుతూనే ఉన్నాను.

శ్రీనిధి ఇక్కడే కాలేజీలో చదివింది. ఇరవై ఒకటి నిండేముందు స్టూడెంట్ వీసాకు మారింది. చదువయ్యాక ఉద్యోగం దొరికింది, వర్క్ వీసా లాటరీలో పేరు రాలేదు. మళ్ళీ వేశారు, మళ్ళీ రాలేదు. ఇప్పుడు కెనడాలో, కాల్గరీలో ఉంటోంది. అక్కడ ఆమెకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. నాగేశ్వర్ ఇప్పటికీ అదే వరసలో ఉన్నాడు. కూతుర్ని చూడడానికి వెళ్తే మళ్ళీ ఏమవుతుందోనన్న భయంతో ఒక్కసారీ వెళ్ళలేదు. ఫోన్లోనే చూసుకుంటారు. నేను దిగిపోయాక మా బడిలో లాటిన్ పోస్టు భర్తీ చేయలేదు. నా గదిలో ఇప్పుడు మార్కెటింగ్ చెబుతున్నారట.

ఈ ఉదంతం నాకు నేర్పినది చెప్పి ముగిస్తాను. ప్రయాణానికి పిల్లల పేర్లు అడిగేటప్పుడు వెళ్ళడానికి కావలసినవన్నీ అడుగుతాం, వేరుశనగ పడుతుందా పడదా అన్నది సహా. తిరిగి రాగలరా అని అడగం. ఆ తర్వాతి ప్రయాణానికి నేను అందరి ముందూ పేర్లు అడగడం మానేశాను. ఇంటికి ముందు ఫోన్ చేసి ఆ ఒక్క ప్రశ్న వేసేవాడిని. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేశారు. ఇక పాఠం సంగతి. ఎవరైనా రోమన్ కావచ్చునని గొంతు పెంచి చెప్పడం మానలేదు గాని, ఇచ్చేవాడు ఒక వాక్యం తగ్గించి కూడా ఇవ్వగలడన్నది అంతకుముందు చివర్లో చెప్పేవాడిని, తర్వాత మొదటే చెప్పాను.

రాయడం అయ్యాక, పేరు వాడుకుంటున్నాను కాబట్టి శ్రీనిధికి ఫోన్ చేశాను. ఆమెకు తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. మొత్తం చదివి వినిపించాను. ఆమె నన్ను మధ్యలో ఎక్కడా ఆపలేదు. బాగుందా అమ్మా అన్నాను.

"బాంక్వెట్ అదంతా ఓకే అంకుల్. కస్టోడియన్ జోక్ బాగుంది. కానీ ఒకటి రాంగ్ రాశారు. నాకు ముందే తెలుసు అని రాశారు కదా? నాకు తెలీదు. క్లాస్‌లో అడిగింది జస్ట్ డౌట్. ట్వంటీవన్ గురించి మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ రోజు మీరు అడిగారు కాబట్టి డాడీ చెప్పారు, నేను స్టెప్స్ మీద కూర్చుని ఫస్ట్ టైమ్ విన్నాను. ఆ గ్రావిటాస్ తీసేయండి అంకుల్. వింటూ అక్కడ కూర్చోలేక, ఏదో ఒకటి పట్టుకోవాలని మీ ప్లేట్ తీసుకున్నాను. అందులో మురుకులు ఇంకా ఉన్నాయని కూడా చూడలేదు."